బట్టల అద్దకం, కుట్టుపని చేసే భావసార క్షత్రియ కులంవారు ఒకప్పుడు యోధులైతే, ఆ పనిలోకి ఎలా వచ్చారు?

వారు చెప్పుకునే కథ ఇది. పరశురాముడు క్షత్రియులను వెంటాడుతున్నప్పుడు భావసింహుడు, సారసింహుడు అనే రాకుమారులు హింగుళాదేవిని శరణు వేడారు. ఆమె కత్తి మాన్పించి అద్దకం, కుట్టుపని చేతికిచ్చింది. ఆమె గుడి బలూచిస్తాన్‌లో, హింగోల్ నది దగ్గరి గుహలో ఇప్పటికీ ఉంది.

దీన్ని చరిత్రగా తీసుకోలేం. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో అద్దకం చేసే ఖత్రీ కులంవారిదీ దాదాపు ఇదే కథ. గుజరాత్‌లో పత్తికి, అద్దకానికి కొదవ లేదు. అక్కడి అచ్చు బట్టల ముక్కలు ఈజిప్టులోని ఫుస్తాత్ తవ్వకాల్లోనూ దొరికాయి. అంత గిరాకీ ఉన్న పని కొత్తవారిని రమ్మనడంలో వింతేముంది?

పని మాత్రం తేలిక కాదు. బట్టను కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప తుప్పు, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవంలో చెక్క అచ్చు ముంచి అద్దితే, కరక్కాయ వగరుతో కలిసి నలుపు తేలుతుంది. ఎరుపు కావాలంటే పటిక అద్ది, మంజిష్ఠ వంటి మొక్కల వేళ్లతో ఉడికించాలి.

మహారాష్ట్ర, కర్ణాటక, తెలుగు ప్రాంతాలకు వలస వచ్చినవారిలో చాలామంది అద్దకం చేసే రంగరేజులుగా, దర్జీలుగా స్థిరపడ్డారు. కులదైవం మాత్రం నేటికీ హింగుళాంబే.