సోలార్ ప్రచారం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: నేను భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడిని. మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ ఎంపీసీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎన్ఎస్ఎస్ శిబిరంలో వారం రోజులు ఊళ్లు తిరిగి సౌర విద్యుత్ గురించి, వాతావరణ మార్పుల గురించి చెప్పి వచ్చింది. అప్పటి నుంచి రాష్ట్ర స్థాయిలో ఇదే పని చేస్తానని పట్టుబట్టింది. నేను బీఈడీ చేయమంటున్నాను. ఇందులో నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా? ఆడపిల్ల ఊరూరా తిరిగే పని ఎన్నాళ్లు చేయగలదు? బొగ్గు మీద బతికే ఇంట్లో ఈ మాట వినడానికే వింతగా ఉంది సార్.

జవాబు: నమస్కారం. మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. ఇందులో వింతేమీ లేదండీ. 300 మెగావాట్ల సౌర విద్యుత్ లక్ష్యంగా పెట్టుకుని మణుగూరు, ఇల్లందు, జైపూర్‌లలో ప్లాంట్లు కట్టింది మీ సింగరేణే. రామగుండంలో ఎన్టీపీసీ బొగ్గు కేంద్రం జలాశయం మీదనే, దాదాపు 500 ఎకరాల మేర, వంద మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022లో పూర్తయింది. 2030 నాటికి మరో 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ తేవాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో విధానం ప్రకటించింది. బొగ్గు రేపో ఎల్లుండో పోయేది కాదు. కానీ మీ అమ్మాయి ఉద్యోగం చేయాల్సింది రాబోయే ముప్పై అయిదేళ్లు. ఆ లెక్కన ఆమె చూపు సరైన వైపే ఉంది.

దారి మాత్రం ఇంకా కుదరలేదు. ‘సౌర విద్యుత్ ప్రచారకర్త’ అనే పోస్టు ఏ నోటిఫికేషన్‌లోనూ కనిపించదు. రాష్ట్రంలో ఈ పని చూసే ప్రధాన సంస్థ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ, అంటే టీజీరెడ్కో. వాతావరణ మార్పులపై రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక పని హైదరాబాద్‌లోని పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థది, అంటే ఈపీటీఆర్ఐది. మన ఉత్తర జిల్లాలకు కరెంటు ఇచ్చే ఎన్పీడీసీఎల్ కేంద్ర కార్యాలయం హనుమకొండ నక్కలగుట్టలోనే ఉంది. ఈ మూడింటిలోనూ అవగాహన కార్యక్రమాలు జరుగుతాయి. అయితే వేదికెక్కి మాట్లాడేది ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు, ప్రాజెక్టు అధికారులు. స్వచ్ఛంద సంస్థల్లో ప్రచారం పనే ప్రధానంగా ఉండే కొలువులు దొరుకుతాయి కానీ, అవి ప్రాజెక్టు నిధులు ఉన్నన్నాళ్లే. నా దగ్గరకు వచ్చే పిల్లలందరికీ ఒకటే చెబుతాను: ముందు పని నేర్చుకోండి, ప్రచారం దానంతట అదే వెంట వస్తుంది.

పని అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీ అమ్మాయి ఒక ఊరికి వెళ్లి ‘ఇంటి మీద సోలార్ పెట్టుకోండి’ అన్నదనుకుందాం. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ‘మాకు జీరో బిల్లే వస్తోంది కదమ్మా’ అంటుంది. ఆవిడ మాట అక్షరాలా నిజం. గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. పక్కనే ఉన్న రైతును పంపుసెట్టుకు సోలార్ పెట్టుకోమంటే ఆయనా నవ్వుతాడు. వ్యవసాయానికి 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్న రాష్ట్రం మనది. భూమాతను కాపాడాలని ఎంత చక్కగా ఉపన్యాసం చెప్పినా ఈ ఇద్దరి దగ్గరా పని జరగదు. శిబిరంలో మీ అమ్మాయికి ఈ జవాబు ఎదురయ్యే ఉంటుంది. ఏం చెప్పిందో ఒకసారి అడగండి.

మరి ఎవరికి చెప్పాలి? హనుమకొండలో నెలకు మూడు నాలుగు వందల యూనిట్లు కాల్చే ఇంటికి చెప్పాలి. అక్కడ లెక్క వేరు. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు సుమారు వంద చదరపు అడుగుల డాబా కావాలి. ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. మూడు కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్లు, అంటే ఆ ఇంటి వాడకమంతా దాదాపు అందులోనే తీరిపోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయల రాయితీ వస్తుంది. రైతుకు చెప్పాల్సింది పంపుసెట్టు సంగతి కాదు, పడావు పడ్డ భూమి సంగతి. కుసుమ్ పథకంలో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి కరెంటును పంపిణీ సంస్థకు, అంటే డిస్కమ్‌కు అమ్ముకోవచ్చు. మెగావాట్‌కు నాలుగెకరాల లెక్కన భూమి కావాలి, సబ్‌స్టేషన్ దగ్గరలో ఉండాలి. ఎవరి గడపలో ఏ మాట చెల్లుతుందో తెలియడమే ఈ వృత్తిలో సగం చదువు.

మిగతా సగం డాబా మీద ఉంది. ఇక్కడ నా సొంత కథ ఒకటి. మా ఇంటి మీద ప్యానెళ్లు బిగించడానికి ఎవరో మే నెలలో వచ్చారు. మే రెండో వారంలో మన వరంగల్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందే ముడుచుకుంటుంది. డాబా అంతా ఎండే కదా అని వాళ్లు దక్షిణపు అంచున బిగించి వెళ్లిపోయారు. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలాడు. మధ్యాహ్నం మూడు దాటితే చాలు, పక్కింటి నీళ్ల ట్యాంకు నీడ రెండు ప్యానెళ్ల మీద పడడం మొదలైంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడితే మిగతావాటి ఉత్పత్తీ దెబ్బతినవచ్చు. మళ్లీ విప్పి అటు నుంచి ఇటు మార్పించడానికి అయిన ఖర్చు నాకింకా గుర్తుంది. భౌతిక శాస్త్రం చదివిన అమ్మాయి ఒక్క కొలత టేపు, ఒక్క దిక్సూచి పట్టుకుని డాబా ఎక్కి ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు. కోతులు తీగలు లాగకుండా వాటిని పైపులో పంపాలని చెప్పే మనిషి కూడా అప్పుడు లేకపోయాడు. కోతుల సంగతి మన జిల్లాల వారికి నేను చెప్పాలా!

ఇంకొక అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. రామగుండంలో ఎండలు మండిపోతాయి కాబట్టి అక్కడ సోలార్ ఇంకా బాగా పని చేస్తుందని అనుకుంటారు. ఎండ వేరు, వేడి వేరు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు. దాని సామర్థ్యాన్ని కొలిచేది 25 డిగ్రీల దగ్గర. గాలి 45 డిగ్రీలున్న మే మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్లు 70 డిగ్రీల దాకా కాలుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి దాదాపు మూడో వంతు శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతూ పోతే, రావాల్సిన దానిలో ఆరు, ఏడు వంతుల్లో ఒక వంతు ఆవిరైనట్లే. నీటి మీద తేలే ప్లాంటుకు ఉన్న లాభాల్లో ఆ చల్లదనం ఒకటి. ఈ నాలుగు ముక్కలు పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, అదే ప్రచారం.

వాతావరణ మార్పుల మాటా అంతే. శిబిరాల్లో కరిగే మంచుకొండల బొమ్మలు చూపిస్తారు. మీ భూపాలపల్లి వాళ్లకు అంత దూరం ఎందుకు? 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వరదలోనే మీ పక్కనున్న మోరంచపల్లి మునిగిపోయి, జనం డాబాల మీద నిలబడి హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. ఆ ఒక్క వానకూ భూతాపమే కారణమని తీర్పు చెప్పేస్తే తప్పవుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదని, అందుకే కురిస్తే కుండపోతగా కురిసే వానలు పెరుగుతాయని చెబితే సరిపోతుంది. తెలిసినంత వరకే చెప్పే మనిషిని ఊరు నమ్ముతుంది.

ఇప్పుడు చదువు సంగతి. మీరు బహుశా వినని దారి ఒకటి ఉంది, నేను మొదట చెప్పేది అదే. ఈసెట్ అంటే పాలిటెక్నిక్ పిల్లలదేనని అందరూ అనుకుంటారు. గణితం ఒక సబ్జెక్టుగా బీఎస్సీ చదివినవారూ అది రాయవచ్చు. ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు, మూడేళ్లలో ఇంజినీరు అవుతుంది. ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకుంటే డిస్కమ్‌లు, ట్రాన్స్‌కో, సోలార్ కంపెనీలు అన్నింటికీ అర్హత వస్తుంది. ఇంజినీరుగా మూడేళ్ల అనుభవం వచ్చాక కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాసుకోవచ్చు. రైస్ మిల్లులు, ఆసుపత్రులు, కాలేజీల్లో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో తేల్చే పని అది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వృత్తి కూడా అదే.

ఇంకో మూడేళ్లు చదివించడం భారమనుకుంటే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయలో గానీ ఉస్మానియాలో గానీ ఎమ్మెస్సీ చేయించండి. ఫిజిక్స్ అయితే తరువాత గేట్ రాసి ఎనర్జీ ఎంటెక్‌కు ఐఐటీలకు వెళ్లే వీలుంది. పర్యావరణ శాస్త్రం తీసుకుంటే కాలుష్యం, వాతావరణ ప్రాజెక్టుల వైపు పోతుంది, పోటీతో పోలిస్తే ఉద్యోగాలు తక్కువ. సూర్యమిత్ర అని మూడు నెలల ఉచిత శిక్షణ గురించి మీరు విని ఉంటారు. అది ప్యానెళ్లు బిగించే సాంకేతిక నిపుణుల కోసం, ఐటీఐ, డిప్లొమా చేసినవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందించినది. మీ బంధువుల్లో ఐటీఐ ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఉంటే అతనికి చెప్పండి. రాయితీ వచ్చిన దగ్గర నుంచి బిగించడం తెలిసిన చేతులకు పని బాగానే ఉంది.

బీఈడీని నేను కొట్టిపారేయను. మంచి ఫిజిక్స్ టీచరు బడి డాబా మీద నాలుగు ప్యానెళ్లు పెట్టించి పిల్లలకు చూపిస్తే పది శిబిరాల పెట్టు. కానీ అమ్మాయికి ఇష్టం లేకుండా ఇంకో దారి లేదని చేర్పించే బీఈడీ వద్దు. అలా చేరి, ఏళ్ల తరబడి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నవారు వారానికి ఇద్దరైనా నా దగ్గరకు వస్తుంటారు.

ఆడపిల్ల ఊరూరా తిరగడం గురించి అడిగారు. మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సంఘం సమావేశంలో అప్పు ఎంత, కిస్తీ ఎంత, మొదటి ఏడాది కరెంటు అమ్మితే ఎంత అని ఆ అక్కచెల్లెళ్ల పక్కన కూర్చుని లెక్క చెప్పాల్సిన మనిషి కావాలి. ఆ పనికి మగపిల్లల కన్నా మీ అమ్మాయే సరిపోతుందని నా నమ్మకం. పైగా ఎప్పటికీ తిరుగుతూ ఉండే పని కాదిది, మొదటి మూడు నాలుగేళ్లే తిరుగుడు.

చివరి పరీక్షలు అయిపోయాక, కోర్సు ఏదైనా సరే చేరేలోగా, మీ అమ్మాయికి ఒక పని చెప్పండి. హనుమకొండలో తను ఉండే వీధిలో పన్నెండు ఇళ్లు ఎంచుకుని, ఒక్కో ఇంటి ఏడాది కరెంటు బిల్లులు అడిగి రాసుకోమనండి. డాబా కొలతలు తీసుకుని, ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడుకి నీడ ఎక్కడ పడుతోందో గీయమనండి. ఏ ఇంటికి ఎన్ని కిలోవాట్లు నప్పుతాయో, ఏ ఇంటికి అసలు అవసరమే లేదో తేల్చమనండి. అవసరం లేదని తేలిన ఇల్లు పన్నెండింటిలో ఒక్కటైనా ఉండాలి, లేకపోతే లెక్కలో ఎక్కడో మొహమాటం దొర్లినట్లే. ఆ నోట్‌బుక్ తీసుకుని ఇద్దరూ ఒక ఆదివారం రండి. ఈసెట్టా, ఎమ్మెస్సీయా అన్నది అది చూసి మాట్లాడుకుందాం.