నొక్కే ముందు ఒక్క క్షణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను, ఏఐ, ధ్యానం, ఇంట్లో మనుషుల చుట్టూనే తిరిగాయి. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ధ్యానం ఆప్ వాడుతున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదు, స్ట్రీక్ (వరుసగా చేసిన రోజుల లెక్క) 300 దాటింది. ఇంట్లో అరవడం మాత్రం తగ్గలేదు. లోపం ఎక్కడ?
– బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మీరు లెక్కపెడుతున్న దాంట్లోనే ఉంది. ఆడియో మొదలైంది, చివరిదాకా నడిచింది అన్నంతవరకే ఆప్‌కి తెలుస్తుంది. ఆ పది నిమిషాలూ మనసు శ్వాస మీద ఉందో లోన్ ఫైలు మీద ఉందో దానికి పట్టదు. సాయంత్రం మీరు పిల్లాడి మీద అరిచిన సంగతి అసలే తెలియదు. స్ట్రీక్ పెట్టిందే మీరు రోజూ ఆప్ తెరవాలని. రాత్రి 11.50కి నిద్రకళ్లతో ప్లే నొక్కి పడుకున్న రోజులు కూడా ఆ 300లో కలిసే ఉంటాయి.

ఒక నెల పాటు ఫోను వేరే గదిలో పెట్టి కూర్చోండి. టైముకి పాత అలారం గడియారం చాలు. ఉదయం కాఫీకి ముందు 20 నిమిషాలు. కుర్చీలోనైనా ఫరవాలేదు గానీ వెన్ను ఆనించొద్దు. ముక్కుపుటాల దగ్గర గాలి తగిలే చోటును గమనించండి. శ్వాసను పొడిగించడం, లెక్కించడం ఏమీ వద్దు. మనసు జారుతుంది. జారిందని తెలియగానే విసుక్కోకుండా మళ్లీ అక్కడికే తేవాలి. పని అంతే.

చెడిపోయే దారులు మామూలుగా ఇవి. తిన్న వెంటనే కూర్చుంటే కునుకు వస్తుంది, రెండు గంటలైనా ఆగాలి. మగతగా ఉంటే కళ్లు తెరిచి నేల చూడండి, లేదా లేచి నిలబడండి. శ్వాసను బలవంతంగా అదుపు చేస్తే తలనొప్పి పట్టుకుంటుంది. వీటికంటే పెద్ద చిక్కు, ప్రశాంతంగా అనిపించిన రోజునే 'బాగా కుదిరింది' అనుకోవడం. అప్పుడు మనసు నిశ్శబ్దం వెంట పడుతుంది, ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టిన వాళ్ల మీద ఇంకా గట్టిగా అరుస్తాం. మీ ఉత్తరం చూస్తే ఇదే జరుగుతోందని మా అనుమానం.

కోపానికి వేరే పద్దు పెట్టండి. ఒక నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: ఏం జరిగింది, అరిచే ముందు ఒంట్లో ఏం తెలిసింది (దవడ బిగిసిందా, చెవులు వేడెక్కాయా), ఆ తర్వాత ఏం చేశాను. 'నేను మారను' లాంటి తీర్పులు రాయొద్దు. మొదట్లో రెండో గడి ఖాళీగానే ఉంటుంది, ఎందుకంటే అరిచాక గానీ తెలియదు. అది నిండడం మొదలైతే, కోపం వస్తుండగానే మీకు పట్టుబడుతోందన్నమాట. అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇలాంటి పుస్తకమే పెట్టుకున్నాడు. 13 సద్గుణాలు, వారానికి ఒకదాని మీద ప్రత్యేక దృష్టి, తప్పిన రోజు గడిలో నల్ల చుక్క. 13 వారాలకు ఒక చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. స్ట్రీక్ దాచేసే తప్పిన చోట్లే ఆయన పుస్తకంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

మార్పు వచ్చిందో లేదో నెలకోసారి ఇంట్లోవాళ్లనే అడగండి. రోజూ అడిగితే వాళ్లకి అదో పోరు.

ప్రశ్న: మా ఆయనతో గొడవైనప్పుడల్లా చాట్‌బాట్‌కి చెప్పుకుంటాను. ఓపిగ్గా వింటుంది, న్యాయం నా వైపే ఉందంటుంది. దీన్ని ఆత్మపరిశీలన అనుకోవచ్చా?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: బరువు దించుకోవడం అనండి, ఒప్పుకుంటాం. ఆత్మపరిశీలనకి ఎదురుప్రశ్న కావాలి, అది మీకు అక్కడ దొరకడం లేదు.

1966లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ మనిషితో మాట కలిపే 'ఎలైజా' అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి ప్రకటించాడు. మనం టైపు చేసిన మాటనే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆ సంగతి బాగా తెలిసిన ఆయన సెక్రటరీయే దాంతో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్ని అడిగిందట. ఇప్పటి చాట్‌బాట్‌లు దానికంటే ఎన్నో రెట్లు సమర్థమైనవి. కానీ వాటికిచ్చే తర్ఫీదులో మనుషులు ఏ జవాబుని మెచ్చుకున్నారన్నది ఒక ముఖ్యమైన భాగం, మనకేమో మనల్ని వెనకేసుకొచ్చే జవాబు నచ్చుతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ చాట్‌జీపీటీలో చేసిన ఒక మార్పుని, మరీ ముఖస్తుతికి దిగుతోందని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

మానేయమని చెప్పం, అడిగే తీరు మార్చుకోండి. గొడవని మూడో మనిషి చెబుతున్నట్టు రాయండి: 'భార్య ఇలా అంది, భర్త ఇలా అన్నాడు'. వాళ్లలో మీరెవరో చెప్పొద్దు. తర్వాత కొత్త చాట్ తెరిచి, అదే గొడవని మీ ఆయన రాస్తే ఎలా ఉంటుందో ఆయన వైపు నుంచి, ఆయన మాటల్లోనే రాసి అడగండి. పాత చాట్‌లోనే అడిగితే మీరు ముందు చెప్పినవి జవాబులోకి వచ్చేస్తాయి. పాత సంభాషణలు గుర్తుపెట్టుకునే మెమరీ సదుపాయం ఉంటే దాన్ని కూడా ఆపాలి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండోదాంట్లో న్యాయం ఆయన వైపుకి జరిగిపోవడం చాలాసార్లు కనిపిస్తుంది.

అసలు లాభం ఆ జవాబుల్లో కూడా లేదు, ఆయన పక్షాన రాయడానికి మీరు తంటాలు పడే పావుగంటలో ఉంది. రాయలేకపోతే, ఆయన మనసులో ఏముందో మీకు తెలియదన్నమాట. అది చాట్‌బాట్‌కీ తెలియదు కాబట్టి ఆయన్నే అడగాలి.

పేర్లు, ఆఫీసు, ఆరోగ్యం వివరాలు, ఆయన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు పెట్టొద్దు. వాటికి ఆయన అనుమతి ఎవరూ తీసుకోలేదు. గొడవల్లో చెయ్యి చేసుకోవడం ఉంటే మాత్రం ఈ సలహాలన్నీ పక్కన పెట్టి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. మనసు కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. తన భద్రత కోసం తనకి తెలియకుండా ఫోన్లో ఒక ఆప్ వేశాం. లొకేషన్, మెసేజ్‌లు మాకు కనిపిస్తాయి. ఇప్పటిదాకా ఏ తప్పూ కనిపించలేదు. తీసేయాలా, ఉంచాలా?
– దంపతులు, గుంటూరు

జవాబు: తీసేయండి. అయితే గుట్టుగా తీసేయొద్దు, అది రెండో దాపరికం అవుతుంది.

ఇలా దొంగచాటుగా మెసేజ్‌లు చూపించే ఆప్‌లు చాలావరకు ప్లే స్టోర్‌లో ఉండవు. ఫోన్లో ప్లే ప్రొటెక్ట్ (హానికరమైన ఆప్‌లని పట్టుకునే గూగుల్ రక్షణ) ఆపించి, యాక్సెసిబిలిటీ అనుమతి ఇప్పించి ఎక్కించమంటాయి. ఆ అనుమతి ఉన్న ఆప్ తెర మీది రాతలన్నీ చదవగలదు, ఓటీపీలతో సహా. అవన్నీ ముక్కూ మొహం తెలియని కంపెనీ సర్వర్‌కి చేరతాయి. అలాంటి సర్వర్ల నుంచి సమాచారం బయటికి పొక్కిన సందర్భాలు ఒకటికి మించి ఉన్నాయి. అంటే పిల్లని కాపాడబోయి, తన మాటల్నీ ఫొటోల్నీ మీరే వీధిలో పెట్టినట్టు.

ముగ్గురూ తీరిగ్గా ఉన్న పూట చెప్పండి. 'భయంతో చేశాం. నీకు చెప్పకుండా చేయడం తప్పు' అనండి, అక్కడితో ఆపేయండి. 'నీ మంచికే' అనే ముక్క చేరిస్తే క్షమాపణ కాస్తా వాదన అయిపోతుంది. తన ఎదుటే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ (ఫోను మీద ప్రత్యేక అధికారం ఉన్న ఆప్‌ల) జాబితా నుంచి ఆ ఆప్‌ని తప్పించి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముందు ఆ జాబితా నుంచి తప్పించకపోతే చాలాసార్లు ఆప్ పోదు. ప్లే ప్రొటెక్ట్ మళ్లీ ఆన్ చేయాలి. గూగుల్, ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్‌లు తనే, మీరు చూడకుండా మార్చుకోవాలి.

లొకేషన్ అవసరం నిజమైనదే. వాట్సాప్ లైవ్ లొకేషన్‌లో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఎంచుకోవచ్చు. ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక వచ్చేటప్పుడు తను గంటకి పెడుతుంది. నాన్న రాత్రి బండి మీద వస్తున్నప్పుడు ఆయన కూడా పెట్టాలి. నిఘా ఒకవైపే ఉంటే ఫోను స్నేహితురాలి బ్యాగులో పెట్టి వెళ్లడం ఏ పిల్లకైనా వచ్చు. కొన్నాళ్లు మీతో సరిగ్గా మాట్లాడకపోవచ్చు. ఆ కోపం న్యాయమైనదే కాబట్టి బుజ్జగించి త్వరగా ముగించాలని చూడొద్దు.

'ఏ తప్పూ కనిపించలేదు' అని రాశారు. కనిపించి ఉంటే, ఎలా తెలిసిందని తనకి చెప్పేవారు?

ప్రశ్న: ఫ్యామిలీ గ్రూపులో మా పెదనాన్న రోజూ వైద్యం చిట్కాలు, మతం గొడవలు ఫార్వర్డ్ చేస్తారు. తప్పంటే చిన్నబుచ్చుకుంటారు.
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: గ్రూపులో ఏమీ అనొద్దు. ఆయనకి విడిగా ఫోన్ చేయండి. మెసేజ్ మీద కనిపించే రెండు బాణాల గుర్తు సంగతి చెప్పండి. అది చేతులు మారుతూ ఎంతో దూరం నుంచి వచ్చిందని దానర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా వాట్సాప్ 2020లో కట్టడి చేసింది. అంతకుముందు 2018లో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లతో మన దేశంలో అమాయకుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత, ఒక్కసారికి ఐదు చాట్‌లకి మించి పంపకుండా ఆపింది. ఇది చెబితే పెద్దలు వింటారు. పంపింది తప్పని తేలితే రెండు రోజుల దాకా 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' పనిచేస్తుందని కూడా చెప్పండి. చిట్కాల్లో ఒక్కదాని మీదే గట్టిగా పట్టుబట్టండి: షుగరు, బీపీ మాత్రలు మానేయమన్నది ఏదైనా సరే. మిగతావి చూసీచూడనట్టు పోనివ్వొచ్చు.

మీకు నచ్చిన పార్టీ గురించి మీరు పంపిన ఫార్వర్డ్‌లు కూడా ఓసారి వెనక్కి వెళ్లి చూసుకోండి.

ప్రశ్న: పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాలనుంది. ఫోను లేకుండా ఉండగలనా అని భయం. ముందు ఏమేం చూసుకోవాలి?
– ఐటీ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఉండగలరు, ఎందుకంటే చేరిన రోజే ఫోను తీసుకుని దాచేస్తారు. విపశ్యన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో నడిచే కేంద్రాలకి ఫీజు లేదు. కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇస్తారు. తెల్లవారుజామున 4కి గంట కొడతారు, రాత్రి 9.30కి దీపాలు ఆర్పుతారు. పదో రోజు దాకా మౌనం. చదవడం, రాయడం కూడా కుదరదు. తీవ్రమైన మానసిక సమస్యకి మందులు వాడుతుంటే దరఖాస్తులో దాచొద్దు, అలాంటి స్థితిలో ఈ కోర్సు మంచిది కాదు.

వెళ్లే ముందు కరెంటు బిల్లు, క్రెడిట్ కార్డు, ఈఎంఐ కట్టేయండి, ఓటీపీ చెప్పడానికి మీరుండరు. కేంద్రం ఆఫీసు నంబరు ఇంట్లో ఇవ్వండి. తిరుగు టికెట్ ప్రింటు తీసి సంచిలో పెట్టుకోండి. చేరేది ముందు రోజు సాయంత్రానికి, ముగిసేది పదకొండో రోజు ఉదయం. ప్రయాణం కలుపుకుని సెలవు 13 రోజులకి పెట్టండి. చాలామంది తిరుగు ప్రయాణంలో బస్సెక్కగానే వందల మెసేజ్‌లు తెరిచి తల పట్టుకుంటారు. ముందు ఇంటికి ఒక్క ఫోన్ చేసి డేటా ఆపేసుకోండి. ఆఫీసు మెయిల్ మర్నాడు చూడొచ్చు.