డ్రోన్ల కాలంలో మోడల్ విమానాలకు చోటు ఉందా?

"పద్నాలుగేళ్ల మా అబ్బాయి డ్రోన్ అడుగుతున్నాడు, దానివల్ల విమానాలకు ప్రమాదమంటున్నారు, అసలు మోడల్ విమానాల సరదాకు ఇక భవిష్యత్తు ఉందా?" అని అడిగారు. తప్పకుండా ఉంది, కాకపోతే పిల్లలు మైదానంలో పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకుంటేనే అని నా గట్టి అభిప్రాయం.

నేను ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో కంట్రోల్ లైన్ మోడళ్లతో మొదలుపెట్టినవాణ్ణి. రెండు ఉక్కు తీగల చివర విమానం గిర్రున తిరుగుతుంటే, దానితోపాటు తిరుగుతూ తూలి పడకుండా నిలబడడమే అక్కడ తొలి పాఠం. బాల్సా అనే తేలికపాటి కర్ర కోసి, అతికించి, వారాల తరబడి కట్టిన రెక్క నేలకు తగిలితే క్షణంలో ముక్కలవుతుంది కనుక, గాలి ఎటు వీస్తోందో, పైన ఏముందో చూడకుండా ఎవరూ ఇంజన్ తిప్పరు.

ఒకసారి ఎన్నికల ప్రచారపు రోజుల్లో, నల్గొండ వైపు ఎండిన చెరువులో మేము రేడియోతో నడిపే మోడల్ విమానాలు ఎగరేస్తుండగా, కాస్త అవతల ఒక కుర్రవాడు డ్రోన్‌తో వీడియో తీసుకుంటున్నాడు. తాటిచెట్ల వెనక నుంచి ఎవరో నాయకుడి హెలికాప్టర్ చప్పుడు వినబడగానే మాలో పెద్దాయన "దించేయండి" అన్నారు, అందరం దించేశాం. ఆ అబ్బాయి చూపు మాత్రం ఫోను తెర వదలలేదు. మేము కేకలు వేయడంతో కంగారుపడి 'రిటర్న్ టు హోమ్' నొక్కాడు. డ్రోన్ తక్కువ ఎత్తులో ఎగురుతున్నప్పుడు అది నొక్కితే, చెట్లూ స్తంభాలూ తగలకుండా ముందే పెట్టి ఉంచిన ఎత్తుకు మొదట లేచి, ఆ తర్వాతే వెనక్కి వస్తుంది. మేము చూస్తుండగానే దాని చిన్న దీపాలు పైపైకి పోయాయి. అదృష్టవశాత్తు హెలికాప్టర్ చెరువు గట్టు అవతలి నుంచే మళ్లిపోయింది. పైలట్ దాన్ని చూసి ఉంటాడని నేననుకోను.

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ కార్చిచ్చును ఆర్పుతున్న విమానం రెక్కకు ఇలాంటి డ్రోనే తగిలి చిల్లు పడింది, ఆ విమానాన్ని మరమ్మతుకు పంపవలసి వచ్చింది. బాల్సా మీద చేయి తిరిగినవాడు అలాంటి చోట ఎగరేయడు, ఇందులో నాకు సందేహం లేదు.

మన 2021 డ్రోన్ నిబంధనలు మోడళ్లకూ మిగతా డ్రోన్లకూ ఉన్న ఈ తేడాను కొంతవరకు గుర్తించాయి: 25 కిలోల లోపు ఉండి, చదువుకో సరదాకో కంటికి కనబడేంత దూరంలోనే ఎగరేసే మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ (ఆ రకం డ్రోన్ ప్రమాణాలకు తగ్గట్టు ఉందని ఇచ్చే ధ్రువపత్రం) అక్కరలేదు. అయితే అమెరికాలో మోడల్ విమానాల క్లబ్బుల మైదానాలకు ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ప్రత్యేక గుర్తింపు ఇచ్చి, అక్కడ రిమోట్ ఐడీ పరికరం (ఎగిరేది ఏదో, ఎక్కడుందో రేడియో ద్వారా తెలిపేది) లేకుండానే ఎగరనిస్తుంది. మనకు కావలసింది అటువంటి మైదానాలు. మన ఊళ్లలో ఖాళీ జాగా కనబడితే వెంచరు రాళ్లు పాతుతారు, పెళ్లిళ్లలో మాత్రం అతిథుల నెత్తి మీద డ్రోన్ తిప్పినా అడిగే నాథుడు లేడు.

మీ అబ్బాయికి ముందు చేత్తో విసిరే థర్మోకోల్ గ్లైడర్ కొనివ్వండి, వాళ్ల బడిలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ ఉందేమో కనుక్కోండి. అప్పటికీ డ్రోనే కావాలంటే 250 గ్రాములు మించనిది చాలు, ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు మ్యాపులో ఆ చోటు ముందస్తు అనుమతి అక్కరలేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో వాడి చేతనే చూపించండి.