అమ్మలూ, షాకులు కొనే ముందు టేపు పట్టుకో

అమ్మలూ,

పాత మారుతీ జిప్సీ కొన్నావని, దాన్ని రెండంగుళాలు లేపించావని, ఇవాళో రేపో షాకులకు (షాక్ అబ్జార్బర్లకు) అడ్వాన్సు కట్టేస్తావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతులో సంతోషం ఎంతో, కంగారు ఎంతో తేల్చుకోలేకపోయాను. నా సంగతీ అంతే. మనింటి పిల్ల పొట్టంగి కొండల మీద కాఫీ తోటలకు సొంత ఫోర్ వీలర్లో తనే నడుపుకుంటూ పోతుందంటే గర్వంగా ఉండదా? రాయగడ బజార్లో అడగనివాళ్లకు కూడా చెప్పేశాను. కానీ వానలో, సామానుతో, సుంకి ఘాటీ దిగి సాలూరు వైపు వస్తావని తలుచుకుంటే మాత్రం నిద్ర పట్టడం లేదు. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. మీ మేస్త్రీ ముందు కూర్చుని చదువు.

మొదటి మాట. షాకు బండిని ఎత్తదు, బరువు మొయ్యదు. ఆ రెండూ కమాన్ పట్టీల పని, అంటే వంపు తిరిగిన ఉక్కు పట్టీల స్ప్రింగులది. ఊగే పట్టీని ఆపడమే షాకు పని. కాబట్టి "రెండంగుళాల లిఫ్టు షాకులు" అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన అవి నీ బండికి సరిపోతాయని కాదు. ఆ రెండంగుళాలు ఎలా వచ్చాయో ముందు కనుక్కో. షాకిల్ (పట్టీ కొసను చాసీకి తగిలించే లింకు) పొడవు చేసి లేపారా? అలాగైతే పట్టీ బలం పాతదే, షాకు గట్టిదనం పెద్దగా మారక్కర్లేదు. (షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది అంగుళమే. ముందు చక్రాల క్యాస్టరు, అంటే అవి మలుపు తిరిగే అక్షం వాలు కూడా మారుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది. రెండంగుళాలూ షాకిల్‌తోనే లేపామని ఎవరైనా చెబితే ఆ బండిని మళ్లీ దించమని చెప్పు.) అదనపు పట్టీ వేశారా, కొత్త సెట్టే పెట్టారా? అప్పుడు పట్టీ గట్టిపడింది. నొక్కుకున్నప్పుడు ఎక్కువ శక్తి దాచుకుని, అంత జోరుగా తిరిగి తన్నుతుంది. ఆ తన్నును పట్టేది షాకు తెరుచుకునేటప్పటి బిగువు, అంటే రీబౌండు. నీకు అది పాతదానికంటే కొంచెం ఎక్కువ కావాలి. మూసుకునేటప్పటి బిగువు మాత్రం ఎక్కువ పెట్టించకు. రాయి తగిలిన ప్రతిసారీ నడుం విరుగుతుంది, చక్రం నేలను వదిలి గెంతుతుంది.

కాశీపూర్ వైపు మనుషుల్ని కుక్కుకుని తిరిగిన పాత జీపుల్లో షాకు ఉందో ఊడిందో పట్టించుకున్నవాళ్లు లేరు. అయినా అవి నడిచాయంటే కారణం ఉంది. పది పట్టీలు ఒకదాని మీద ఒకటి తుప్పు పట్టి రాసుకుంటుంటే ఆ రాపిడే సగం షాకు పని చేసేది. ఇప్పటి సెట్లలో పట్టీలు తక్కువ, మధ్యలో నైలాన్ బిళ్లలు. ఊగడానికి అడ్డేమీ లేదు, పనంతా షాకు మీదే పడుతుంది. "ఆ రోజుల్లో ఇవన్నీ చూశామా" అనే మేస్త్రీ మాట అందుకే చెల్లదు.

ఇక అసలు విషయం. ఈ చుట్టుపక్కల ఏ షెడ్డుకెళ్లినా దశాబ్దాలుగా జరుగుతున్న తప్పు ఒకటుంది. "బండి రెండంగుళాలు లేచింది కదా, రెండంగుళాలు పొడుగు షాకు వెయ్యి." వినడానికి లెక్క సరిగ్గానే ఉంటుంది. నేను రాసే అంకెలు మాత్రం లెక్క అర్థం కావడానికే, నీ బండివి కావు. నీవి నువ్వే కొలవాలి.

లేపకముందు బండి నిలబడి ఉన్నప్పుడు షాకు పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకు 420 మి.మీ. అనుకో. యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసుకీ), అది చాసీకి కొట్టుకోకుండా పైన ఆపే బంపు రబ్బరుకీ మధ్య ఖాళీ 70. గుంతలో గట్టిగా పడితే రబ్బరు ఇంకో 20 నలుగుతుంది. అంటే చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడు షాకుకు మిగిలే చోటు 330. పాత షాకు మూసుకున్నప్పటి పొడవు 310, తెరుచుకున్నప్పుడు 490. ఇరవై మిల్లీమీటర్ల జాగా ఉంది, బాగుంది.

ఇప్పుడు 50 లేపావు. నిలబడి ఉన్నప్పటి కొలత 470 అయింది. పాత షాకే ఉంచేస్తే? తెరుచుకోవడానికి మిగిలింది 20 మి.మీ. చక్రం చిన్న గుంతలోకి జారినా షాకు చివరికంటా సాగి లోపల పిస్టన్ వెళ్లి పైమూతకు కొట్టుకుంటుంది. కింద నుంచి "టక్" మని చప్పుడు వస్తుంది. కొన్నాళ్లకు సీలు పోతుంది, లేదా కంటి దగ్గర (షాకు కొసన బోల్టు దూరే రింగు) వెల్డింగ్ ఊడుతుంది. ఇది అందరికీ తెలిసిందే, అందుకే పొడుగు షాకు కోసం పరిగెడతారు.

అక్కడే దెబ్బ తింటారు. బండిని ఎంత లేపినా, చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పటి చోటు మారదు. 470 లోంచి ఇప్పుడున్న ఖాళీ 120, నలుగుడు 20 తీసెయ్యి. మళ్లీ 330 దగ్గరకే వచ్చావు, ఎందుకంటే బంపు రబ్బరు ఉన్నచోటే ఉంది. షాకు సంగతి చూడు. తెరిచిన పొడవులోంచి మూసిన పొడవు తీస్తే స్ట్రోకు, మన పాతదానికి 180. మూసిన పొడవులోంచి స్ట్రోకు తీస్తే 130. కళ్లు, సీలు, వాల్వులు పట్టే ఆ చోటు ఎలాగూ తగ్గదు. తెరిచినప్పుడు 540 వచ్చే షాకు కావాలంటే స్ట్రోకు 205 ఉండాలి, అప్పుడు మూసిన పొడవు 335. కానీ నీకున్న చోటు 330! రబ్బరు పూర్తిగా నలగకముందే షాకు మూసుకుపోయి, బండి బరువంతా సన్నని రాడ్డు మీద పడుతుంది. అడుగు వాల్వు పగులుతుంది, రాడ్డు వంగుతుంది. అన్నిటికంటే ఘోరం, చాసీ మీద పై బ్రాకెట్ చీలుతుంది. అది ఒక్కరోజులో ఊడిపడదు. వెల్డింగ్ అంచున వెంట్రుకవాసి బీటతో మొదలై, మట్టి కింద కనపడకుండా పెరుగుతుంది.

పాత షాకు చివర రెండంగుళాల ముక్క బిగించే తెలివైనవాళ్లూ ఉన్నారు. మూసిన పొడవు కూడా 50 పెరిగి 360 అవుతుంది. యాక్సిల్ రబ్బరును తాకేది 350 దగ్గర. అంటే రబ్బరు ముట్టుకోకముందే షాకు బలి. అలాంటి ముక్క నీ బండి కింద కనపడితే విప్పించి అవతల పారెయ్యి.

మందు సులువే. 540 షాకు వేసి, చాసీకీ బంపు రబ్బరుకీ మధ్య 30 మి.మీ. దిమ్మ పెట్టి రబ్బరును దించాలి. అప్పుడు చోటు 360, షాకు 335, మిగులు 25. పైకి కదలడానికి 110 ఉంటుంది, లేపకముందు 90 కాబట్టి నష్టమేమీ లేదు. కిందికి 70, ఇంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. లేదా దిమ్మ వద్దనుకుంటే మూసినప్పుడు 310 కి మించని షాకు వెతుక్కో, కిందికి దిగే ప్రయాణం కొంత వదులుకో. ఏ దారైనా మిగులు 15కి తగ్గనివ్వకు. ముందు, వెనక లెక్కలు వేరు, ఒకదాని కొలత రెండోదానికి వాడకు. షాకు ఏటవాలుగా ఉంటే చక్రం కదిలినంతా షాకు కదలదు, ఆ వాలు కూడా రాసుకో. బ్రాకెట్ జరిపి షాకును ఇంకా పడుకోబెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర దాని బిగువులో నాలుగో వంతు పోతుంది, 45 అయితే సగం.

నువ్వు ఎప్పుడూ మోసే సామాను వేసుకుని, సమంగా ఉన్న నేల మీద కొలవాలి. ఇనుప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), పైన క్యారియర్ తగిలించే ఆలోచనుంటే అవి తగిలించాకే షాకు సంగతి చూడు. కాటా మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరుగా తూయించు. జిప్సీ బరువు టన్ను దరిదాపుల్లోనే ఉంటుంది. పొడవు సరిపోయిందని బరువైన బండి షాకులు వేస్తే ఖాళీగా పోయేటప్పుడు చక్రం కదలనే కదలదు. గతుకుల వరస మీద షాకు తెరుచుకునేలోపే ఇంకో గతుకు వచ్చి, బండి అంగుళం అంగుళం కిందికి కుంగుతూ పోతుంది.

ఏ రకం కొనాలంటావా? రెండు గొట్టాల గ్యాస్ షాకు కొను. ఒంటి గొట్టానిది మంచిదే, కాదనను. నూనెకూ నైట్రోజన్‌కూ మధ్య తేలే పిస్టన్ ఉంటుంది కాబట్టి నురగ రాదు, నూనె వేడి నేరుగా బయటి గోడకు పోతుంది. కానీ పిస్టన్ తిరిగేది ఆ గోడకే ఆనుకుని. మీ తోటల దారిలో ఒక్క రాయి ఎగిరి సొట్ట పెట్టిందంటే అక్కడే ఇరుక్కుంటుంది. రెండు గొట్టాలదానికి బయట సొట్ట పడినా లోపలి గొట్టం పని చేస్తూనే ఉంటుంది. గ్యాసు లేని ఉత్త నూనె షాకు మాత్రం వద్దు. గతుకుల మీద గంట నడిస్తే లోపలి గాలి నూనెతో కలిసి నురగ అవుతుంది, సరిగ్గా ఘాటీ మొదలయ్యే చోట బిగువు చచ్చిపోతుంది. పక్కన డబ్బా వేలాడే ఖరీదైనవి ఎడారిలో వేగంగా తోలేవాళ్లకు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కో.

ఇప్పుడు చెప్పేది మర్చిపోతే మాత్రం నేను నీతో మాట్లాడను. బ్రేకు గొట్టాలు! పాత షాకు 490 దగ్గర ఆపేది, కాబట్టి రబ్బరు గొట్టానికి అంత పొడవు చాలింది. కొత్తది 540 దాకా వదులుతుంది. ఏదో మలుపులో ఒక చక్రం గోతిలోకి వేలాడితే ఆ 50 మి.మీ. ఎవరు ఇస్తారు? గొట్టం ఇస్తుంది, ఇవ్వలేక చీలుతుంది. ఆ మలుపు సుంకి దిగుడులో వస్తే ఏంటమ్మా గతి? చాసీని స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాని మీద నమ్మి కిందికి దూరకు) చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగ్ ఎడమకు చివరికంటా, కుడికి చివరికంటా తిప్పి చూడు. గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు, వంపు మిగలాలి. వెనక యాక్సిల్ హౌసింగ్ మీదికి దిగే గొట్టమూ చూడు. చాలకపోతే పొడుగు గొట్టం వేయించు, లేదా దాని బ్రాకెట్ కిందికి దింపించు. ఇది షాకులు బిగించే రోజే జరగాలి, "వచ్చే సర్వీసులో" కాదు.

కోప్పడ్డానని అనుకోకు. చిన్నప్పుడు పన్నెండు పానా అడిగితే పదమూడు ఇవ్వని పిల్లవి నువ్వు. ఆ చూపుతోనే ఇదీ చూస్తావని నాకు తెలుసు.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడు. కొత్త షాకును నిలువుగా పట్టి అయిదారుసార్లు నెమ్మదిగా మూసి తెరవాలి, పడుకోబెట్టి తెచ్చినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. గొట్టం కింద, రాడ్డు పైన. రెండు గొట్టాలది తలకిందులుగా వేస్తే పని చెయ్యదు. పై నట్టు బిగిస్తుంటే రాడ్డు తిరుగుతుందని మెరిసే చోట ప్లయర్ వేసి పట్టుకుంటారు చూడు, అక్కడ చెయ్యి అడ్డం పెట్టు. ఆ గీత సీలును కోస్తుంది, నెలలో నూనె కారుతుంది. రాడ్డు కొసన పట్టుకోవడానికే చెక్కిన చోటు ఉంటుంది. రబ్బరు బుష్ వాషర్ అంచుదాకా ఉబ్బితే చాలు, నలిగి బయటికి పొంగేలా బిగించకూడదు. కంటి బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. గాలిలో ఉండగా బిగిస్తే, బండి దించగానే బుష్‌లో రబ్బరు మెలిపడి, అలాగే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. 500 కిలోమీటర్లకు అన్నీ మళ్లీ చూడు.

ఆపైన ఒక చక్రాన్ని గట్టెక్కించి, రబ్బరు నలిగేదాకా రానిచ్చి, అవతలి చక్రం వేలాడుతుండగా కిందికి వంగి చూడు. లెక్కలో వేసిన మిగులు కంటికి కనిపించాలి. రాడ్డు మీద తొడుగు లేకపోతే ఒక కేబుల్ టై చుట్టి తిరుగు, అది జరిగి ఆగినచోటు ఎంత మూసుకుందో చెబుతుంది. తొడుగు ఉంటే అందులో మన ఎర్రమట్టి చేరి రాడ్డును రాస్తుంది, బురద దారికి వెళ్లొచ్చినప్పుడల్లా నీళ్లు కొట్టు.

గతుకుల దారి మీంచి రాగానే నాలుగు షాకులకూ పైపైన చెయ్యి ఆనించు, కాలతాయి జాగ్రత్త. వేడిగా ఉన్నవి పని చేస్తున్నవి. ముందు రెండింటిలో ఒకటి చల్లగా ఉందంటే అది చచ్చినట్టే, జతగా మార్చు. గొట్టం మీద పల్చటి నూనె తడి పర్వాలేదు, చుక్క కారితే లేదు.

బండి మార్పుల మీద 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో, బీమా వాళ్లను అడిగి కాగితం సరిచేసుకో. రేపు క్లెయిము దగ్గర ఏడవకూడదు.

అడ్వాన్సు ఆపు. ఆదివారం నాలుగు మూలలా నిలబడ్డ కొలత, రబ్బరు ఖాళీ, షాకు వాలు, పై కింది బిగింపులు కన్నో పిన్నో, అన్నీ కాగితం మీద రాసి ఫోటో పెట్టు. ముందు బ్రేకు గొట్టాలు స్టీరింగ్ తిప్పి తీసిన ఫోటోలు కూడా, ఎడమవి వేరు, కుడివి వేరు. చూసి ఎంత పొడవు అడగాలో చెబుతాను, అప్పుడు కట్టు డబ్బు.

మీ పెదనాన్న
రాయగడ