సమాధానం: రీమాస్టర్ ‘రబ్బర్ సోల్’లో గొంతు ఒక్క చెవిలోనే వస్తోందంటే

మీ ఇయర్‌ఫోన్స్ పాడవలేదు, రిటర్న్ పెట్టకండి. ఇది ఇంగ్లిష్ బ్యాండ్ బీటిల్స్ ఆల్బమ్; 2009 రీమాస్టర్‌లో దీని స్టీరియో మిక్సే (శబ్దాల్ని ఎడమ, కుడి పక్కలకి పంచి కలిపిన కూర్పు) అంత. గొంతులు చాలావరకు కుడి పక్కకి, డ్రమ్స్, బేస్ ఎడమకి. ఆల్బమ్ వచ్చిన 1965లో శ్రద్ధంతా మోనో (రెండు పక్కలా ఒకే శబ్దం) మీదే పెట్టేవారు.

1. కుడి బడ్ తీసేసి ఈ ఆల్బమ్‌లోని ‘డ్రైవ్ మై కార్’ పాట పెట్టండి. గొంతు బాగా తగ్గి డ్రమ్స్ గట్టిగా వినిపిస్తే టెన్షన్ అక్కర్లేదు.

2. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి. రెండు చెవుల్లోనూ సమానంగా వస్తుంది.

3. అందరూ పొరబడేది ఇక్కడే: రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు. రీమాస్టర్‌లో పాత మిక్స్‌నే శుభ్రం చేస్తారు, పక్కనున్న గొంతు మధ్యకి రాదు. అలా రావాలంటే రీమిక్స్ చేయాలి, అంటే శబ్దాల్ని మళ్లీ కొత్తగా కలపాలి. బీటిల్స్‌దే మరో ఆల్బమ్ ‘రివాల్వర్’ 2022 ఎడిషన్‌కి నిర్మాత గైల్స్ మార్టిన్ చేసింది అదే. (పాత అభిమానుల్లో కొందరికి అది అపచారం. నాకైతే హెడ్‌ఫోన్స్‌లో హాయిగా ఉంది.) కొనేముందు అట్ట మీద ఏ మాట ఉందో చూడండి.

4. స్టెప్ 2 సర్దుబాటే, అసలు మోనో మిక్స్ కాదు. అది కావాలంటే 2009 మోనో బాక్స్ సెట్ వెతకండి.