అప్పు చేసి ఎంపీహెచ్‌కి పంపే ముందు అమ్మాయిని రెండేళ్ళు బస్తీల్లో పని చెయ్యనివ్వండి

నిజామాబాద్ నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి పళ్ళ డాక్టరు చదువు బీడీఎస్ అయిపోయింది, ఇంటర్న్‌షిప్ కూడా చేసింది, క్లినిక్ పెట్టనంటోంది, అందులోనే పీజీ ఎండీఎస్ కూడా వద్దంటోంది, ప్రజారోగ్యంలో పీజీ, అంటే ఎంపీహెచ్ చేసి, పిల్లల కోసం పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూనిసెఫ్ లాంటి చోట చేరతా, జనానికి ఆరోగ్యం గురించి చెప్పే పని, హిందువులు ముస్లింలు పక్కపక్కనే ఉండే బస్తీల్లో అందరికీ నమ్మకం కుదిర్చే పని చేస్తా అంటోందట. కన్సల్టెన్సీ వాళ్ళేమో అమెరికాలో 40 లక్షలవుతుంది, లోన్ మేమే ఇప్పిస్తాం అన్నారట. "ఇది అసలు ఉద్యోగమా మేడం, సేవా?" అని అడిగారు.

ఉద్యోగమే సార్. జీతం వస్తుంది, ట్రైనింగ్ కావాలి, పైకి వెళ్ళే దారీ ఉంది. పాప ఏదో ఆవేశంలో అంటోందని అనుకోకండి, ఆరోగ్యం చెప్పడం, జనానికి నమ్మకం కుదర్చడం రెండూ ఒకటే పని అని ఈ వయసులోనే పట్టుకుందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. కాకపోతే ఇప్పుడే అప్పు చేసి అమెరికా పంపడం మాత్రం వద్దు. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పోలియో సంగతే చూడండి. 2002లో మన దేశంలో 1600 కేసులొచ్చాయి, అందులో 1242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. చుక్కల మందు ఉంది, డబ్బు ఉంది, రోటరీ వాళ్ళు, డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్, మన గవర్నమెంటు అందరూ కలిసి నడుపుతున్నారు, అయినా తలుపులు తియ్యలేదు జనం. ఈ చుక్కలేస్తే పిల్లలకి పెద్దయ్యాక సంతానం కలగదని పుకారు, ముఖ్యంగా పడమటి యూపీలో ముస్లిం వాడల్లో. మోరీ బాగుచెయ్యడానికి రానోళ్ళు, డాక్టర్ని పంపనోళ్ళు ఈ చుక్కలకి మాత్రం మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తున్నారు అని వాళ్ళ అనుమానం, ఆ మాటలో న్యాయం లేదని నేననలేను.

అప్పుడు యూనిసెఫ్ సాయంతో సోషల్ మొబిలైజేషన్ నెట్‌వర్క్ అని మొదలుపెట్టి ఆ వాడల్లోని ఆడవాళ్ళనే తీసుకున్నారు, ఒక్కొక్కరికి 350 నుంచి 500 ఇళ్ళు, వాళ్ళు రోజూ ఆ ఇళ్ళకి పోవడం, చేతులు కడుక్కోవడం, విరేచనాలకి ఓఆర్‌ఎస్, తల్లిపాలు ఇవన్నీ మాట్లాడటం, మసీదు మైకులో ఇమాం గారితో చెప్పించడం, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ, జామియా మిలియా వాళ్ళు కూడా తోడు రావడం, ఇలా ఏళ్ళ తరబడి నడిచింది. 2009లో కూడా 741 కేసులున్నాయి సార్, ప్రపంచం మొత్తంలో దాదాపు సగం మనవే. ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో ఒక చిన్న పాపకి, 2014 మార్చి 27న పోలియో పోయిందని సర్టిఫికెట్ వచ్చింది. మీ పాప చేస్తానంటున్న పని ఇదే. ఇంగ్లీషులో ఇప్పుడు దీనికి సోషల్ అండ్ బిహేవియర్ చేంజ్ అని పేరు పెట్టారు, జాబ్ నోటిఫికేషన్లలో ఆ పేరుతోనే వెతకమనండి.

అదేదో యూపీ సంగతి కదా అనుకోకండి. 2016 జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేట నాలా నీళ్ళలో చుక్కల మందులోని బలహీనమైన వైరస్సే మారి పుట్టిన టైప్ 2 రకం పోలియో వైరస్ దొరికితే హైదరాబాద్, రంగారెడ్డిలో సుమారు 3 లక్షల మంది పిల్లలకి వారం రోజుల్లో ఇంజెక్షన్లు వెయ్యాల్సొచ్చింది. చుక్కలు కాదు, సూది. పసిపిల్లకి సూది వేయించుకోమని తల్లిని వారంలో ఒప్పించాలంటే అంతకుముందే ఆ గల్లీలో మొహం తెలిసినవాళ్ళు ఉండాలి.

నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తా. 2021లో కరోనా టీకాలప్పుడు ఒక ఆశా వర్కర్ వెంట నేనూ కొన్ని రోజులు తిరిగాను, బీడీలు చుట్టే వాడ. ఒక ముసలామె చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు, "మాకొద్దు పో" అంది. ఆశా అక్క పక్కన కూచుని బీడీలకి దారం చుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు టీకా మాటే ఎత్తలేదు. బీపీ గోలీలు ఎక్కడ పెడుతున్నవమ్మా అని అడిగితే పాత తంబాకు డబ్బా తీసి చూపించింది, అక్క ఒక్కో పట్టీ తిప్పి డేటు చూసి అయిపోయినవి తీసేసింది. మర్నాడు కూడా అంతే. మూడో రోజు ముసలామే అడిగింది, "నాకెప్పుడేస్తరు సూది" అని. ఈ చదువు ఏ యూనివర్సిటీలో కట్టే ఫీజుకీ రాదు, అందుకే ముందు ఇక్కడ అంటున్నా.

ఇప్పుడు డబ్బు లెక్క. 40 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి పదేళ్ళు తీసుకుంటే నెలకి 54 వేల దాకా కట్టాలి. ఈ రంగంలో మొదటి జీతం మీద అది మొయ్యలేని బరువు, ఇక అప్పు తీర్చడానికి పాప ఇష్టం లేని ఉద్యోగం ఏదో చేసుకోవాల్సొస్తుంది. పైగా ఇలాంటి జీతాలకి ఆధారమైన విదేశీ సాయం ఎప్పుడు ఆగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపేసింది, జూలై 1 కల్లా ఆ సాయం పంచే వాళ్ళ ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ పని ముగిసిపోయింది, ప్రపంచమంతా అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఉద్యోగాలు పోయి కూచున్నారు. మన దగ్గర 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ వచ్చాక విదేశీ నిధులు తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వడానికి లేదు, దాంతో చిన్న ఎన్జీఓలకి చాలా కష్టమైంది. అందుకే ఇంటర్వ్యూలో ఈ జీతం ఏ నిధుల్లోంచి వస్తుంది, ప్రాజెక్టు ఎప్పటిదాకా అని మొహమాటం లేకుండా అడగాలి, అది తప్పేం కాదు.

మరేం చెయ్యాలి అంటే, రెండేళ్ళు పని. ఫీల్డ్ కోఆర్డినేటర్, ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టులు, ఎన్‌హెచ్ఎం (జాతీయ ఆరోగ్య మిషన్) కాంట్రాక్టులు, యూఎన్ వాలంటీర్ల నేషనల్ పోస్టులు, యూనిసెఫ్ హైదరాబాద్ ఆఫీసుతో కలిసి పనిచేసే సంస్థలు, ఇవన్నీ చూడమనండి. జబ్బులు ఎక్కడొస్తున్నాయో కనిపెట్టే సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్ లాంటివాటికి ఎంబీబీఎస్ అడుగుతారు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కానీ గుట్కా, తంబాకు, నోటి క్యాన్సర్ మీద పనిచేసే చోట డెంటిస్ట్ అంటే విలువే వేరు, మీ జిల్లాలో బీడీ కార్మికులే ఎంతమంది! యూఎన్ పేరుతో ఎవరైనా డబ్బు కట్టమంటే మాత్రం అది మోసం, అప్లికేషన్‌కి వాళ్ళు రూపాయి తీసుకోరు.

తర్వాత చదువు. ఇక్కడే చదవాలంటే యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) హైదరాబాద్, తిరువనంతపురం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), అన్నీ మంచివే. బయటికంటే స్కాలర్‌షిప్ మీదే వెళ్ళాలి, అక్కడే ఆ రెండేళ్ళు పనికొస్తాయి: బ్రిటన్ చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి 2800 గంటల పని అనుభవం కావాలి, జర్మనీ డాడ్ సంస్థ ఇచ్చే ఈపీఓఎస్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ళు, అమెరికా ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కైతే ఇంకో ఏడాది కలిపి మూడేళ్ళు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌లో ఆరోగ్య వ్యవస్థల మీద ఒక థీమే ఉంది. అనుభవం లేకుండా వెళ్ళాలంటే యూరప్ ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌లలో యూరోపబ్‌హెల్త్ అనే ప్రజారోగ్య కోర్సు ఉంది కానీ పోటీ గట్టిది. మీ కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అయితే తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షల దాకా ఇస్తుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు కోర్సుల లిస్టులో ఎంపీహెచ్ ఉందో లేదో మీరే చూసుకోండి.

పాపకి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదని రాశారు కదా. వెంటనే నేర్పించండి సార్, పక్కింట్లోనే ఎవరో చెప్తారు. రేపు ఇంటి గోడ మీద ఉర్దూలో అతికించిన టీకా కాగితం తనే చదివి వినిపిస్తే ఆ ఇంట్లో వాళ్ళు కుర్చీ వేస్తారు. ఇంకా ఒక నోట్‌బుక్ పెట్టమనండి, ఏ రోజు ఎక్కడ ఎన్ని గంటలు పనిచేసిందో రాసుకుంటూ పోతే అప్లికేషన్ రోజు ఆ 2800 గంటల లెక్క చేతిలో ఉంటుంది.