కార్ఖానాలో చేసిన వంటింటి అరల్లో పనితనం ఉంటుందా? రెండు చోట్లా పనిచేసినవాడిగా నా జవాబు

మీరు అడిగింది ఇది: నల్గొండలో కడుతున్న కొత్త ఇంటికి వంటింటి అరలు కార్ఖానాలో చేయించాలా, తెలిసిన వడ్రంగి చేత చేయించాలా; షిఫ్టుకు ఇన్ని అని లెక్కపెట్టి తయారుచేసే డబ్బాల్లో, అంటే అరల చెక్క పెట్టెల్లో, పనితనం మిగులుతుందా అని. నేను ఈ రెండు పనులూ చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. మా నాన్న వడ్రంగి. నాగళ్లు, ద్వారబంధాలు, తలుపులు, మంచాలు చేసేవారు. ఆయన దగ్గర ఏడేళ్లు ఉలి, చిత్రిక పట్టాను. తర్వాత చౌటుప్పల్ వైపు ఒక మాడ్యులర్ కిచెన్ కార్ఖానాలో పదకొండేళ్లు ఉన్నాను. మొదట పలకల అంచులకు పట్టీ అతికించే యంత్రం మీద, తర్వాత బిగింపు విభాగంలో, చివరి మూడేళ్లు ఇళ్లకు వెళ్లి కొలతలు తీసే పనిలో. ఇప్పుడు నల్గొండలో సొంతంగా చిన్న షెడ్డు నడుపుతున్నాను.

వేగం వల్ల పనితనం చస్తుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. యంత్రం కొన్ని పనులు మా నాన్న కంటే బాగా చేస్తుంది. ఈ మాట ఆయన బతికుండగానే ఆయనతో అన్నాను. ఒకసారి కార్ఖానాకు తీసుకెళ్లి చూపిస్తే ఆయనా ఒప్పుకున్నారు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటును చేతి రంపంతో కోస్తే చివరికి వచ్చేసరికి నూలుపోగంత తేడా పడుతుంది. దాన్ని నాన్న చిత్రిక పట్టి సరిచేసుకునేవారు. కార్ఖానాలోని ప్యానెల్ సా అనే పలకలు కోసే యంత్రంలో పెద్ద రంపం తగలడానికి ముందే ఒక చిన్న పళ్లచక్రం అడుగు పొరను సన్నగా గీస్తూ పోతుంది. అందువల్ల లామినేట్ (పలక మీద అతికించే పైపొర) అంచు పెచ్చులూడదు. డబ్బా బిగించాక మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి చూస్తే ఒకే అంకె వస్తుంది, అంటే మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉన్నట్టు. నాన్న ఆ టేపును మూడుసార్లు పట్టి చూసి, ఏమీ అనకుండా పలక అంచు మీద బొటనవేలు నడిపించారు. ఆయన మెచ్చుకోలు అలాగే ఉండేది.

యూరప్ నుంచి వచ్చిన కొలతల పద్ధతి ఒకటుంది. డబ్బా పక్క పలకల్లో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒకదానికొకటి 32 మిల్లీమీటర్ల దూరంలో, ముందు అంచు నుంచి 37 మిల్లీమీటర్ల లోపలికి వేస్తారు. ఈ మూడు అంకెలు తప్పకపోతే చాలా కంపెనీల కబ్జాలు (తలుపు బందులు), సొరుగు పట్టాలు ఆ రంధ్రాల్లోనే కూర్చుంటాయి. పదిహేనేళ్ల తర్వాత ఒక కబ్జా విరిగినా ఇంకొకటి తెచ్చి మీరే బిగించుకోవచ్చు. నాన్న చేసిన బీరువాకు బందు ఊడితే మళ్లీ ఆయనే రావాలి. ఆయన పోయాక కొన్నింటికి నేను వెళ్లాను.

మరి చెడిపోయేది ఎక్కడ? నా కళ్ల ముందు జరిగింది చెబుతాను.

తలుపులో కబ్జా కూర్చోవడానికి 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంత తొలుస్తారు. అంచు నుంచి ఆ గుంత ఎంత దూరంలో పడాలో నిర్ణయించే ఇనుప దిమ్మె యంత్రం మీద ఉంటుంది. ఒక సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు ఆ దిమ్మె ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిగింది. ఎవరూ గమనించలేదు. గంటన్నరలో అరవై పైచిలుకు తలుపులకు గుంతలు పడిపోయాయి. మొదటి డబ్బాకు తలుపులు బిగిస్తుంటే నాకు తేడా తెలిసింది. మూసినప్పుడు ఒకటి రెండోదాన్ని రాసుకుంటోంది. మా పైఅధికారిని పిలిచాను. ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని కబ్జా మీది మర తిప్పారు. తలుపు పక్కకు జరిగి చక్కగా కూర్చుంది. "సరిపోయింది కదా, పంపించేయండి" అన్నారు.

సరిపోయిన మాట నిజమే. అయితే ఆ మరకు ఉండే సర్దుబాటు అటు రెండు, ఇటు రెండు మిల్లీమీటర్లు. అది ఇంటి కోసం ఇచ్చిన సర్దుబాటు. ఇంట్లో నేల ఒక పక్కకు వాలి ఉంటుంది, డబ్బా రవ్వంత ఒరుగుతుంది, ఏడాది తిరిగేసరికి తలుపు బరువుకు కబ్జా కొంచెం జారుతుంది. అప్పుడు తిప్పుకోవడానికి పెట్టిన మరను మేం కార్ఖానాలోనే వాడేశాం. ఆరు నెలలకు ఆ తలుపులు వెళ్లిన ఒక ఇంటి నుంచి ఫోను వచ్చింది. నేనే వెళ్లాను. ఒక్కో కబ్జాలో మర చివరికంటా తిరిగి ఉంది, ఇంక తిప్పడానికి ఏమీ లేదు. "కొత్తలో బాగానే ఉండేవి బాబూ, మేమే గట్టిగా వేశామేమో" అంది ఆ ఇంటి పెద్దావిడ. తప్పు తమదే అనుకుంటోంది ఆవిడ. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. పోట్లాడి మరీ ఆ తలుపులన్నీ మార్పించాను.

ఆ గుంతలు పడిన రోజు మా విభాగం లెక్క మాత్రం ఘనంగా ఉంది. మొదటి తలుపును పక్కకు తీసి కొలవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఏ లెక్కలోనూ కనిపించవు కాబట్టి ఎవరూ వాటిని వెచ్చించలేదు. నాన్న తప్పు చేస్తే ఒక తలుపు పాడయ్యేది. మేం చేస్తే అరవై.

చౌటుప్పల్‌కు దగ్గర్లోనే భూదాన్ పోచంపల్లి ఉంది కదా, అక్కడి నేతలో నాకు ఈ సంగతి తేటతెల్లంగా కనిపిస్తుంది. చీర మీద కనిపించే బొమ్మ మగ్గం మీద పుట్టదు. అంతకుముందే నూలుకు చిటికి కట్టి (రంగు అంటకూడని చోట ముడి బిగించి) రంగులద్దినప్పుడే అంతా నిర్ణయమైపోతుంది. ముడి అంగుళం పక్కన పడితే మగ్గం మీద ఎంత నేర్పరి కూర్చున్నా బొమ్మ చెదిరే వస్తుంది. కార్ఖానా పని కూడా అంతే. రంపం తిరగక ముందు కొలత తీసినవాడు, అంకెలు ఎక్కించినవాడు, దిమ్మె బిగించినవాడు, ఈ ముగ్గురి చేతుల్లోనే పనితనం ఉంటుంది. జనం మాత్రం బిగించే కుర్రాణ్ని తిడతారు.

ఇక అంచుల సంగతి. నేను ఎక్కువకాలం నిలబడింది ఆ యంత్రం దగ్గరే. గింజల్లా ఉండే జిగురు దాదాపు 200 డిగ్రీల వేడికి కరిగి పలక అంచుకు పూసుకుంటుంది, వెంటనే పట్టీ వచ్చి అదుముకుంటుంది. పొద్దున యంత్రం పూర్తిగా వేడెక్కకముందే పని మొదలుపెడితే పట్టీ అతికినట్టే ఉంటుంది గాని పట్టు ఉండదు. దుమ్ము సరిగా లాగకపోయినా అంతే. కంటికి తేడా తెలియదు. మేం పారేసే ముక్క ఒకటి యంత్రంలోంచి పంపి, చల్లారాక పట్టీని శ్రావణంతో లాగేవాళ్లం. పట్టీతో పాటు చెక్క పీచు లేచి వస్తే మంచి అతుకు. పట్టీ వెనుక భాగం నున్నగా, శుభ్రంగా ఊడి వచ్చిందంటే ఆ అంచు సింకు పక్కన రెండు వానాకాలాలు నిలవదు. పని ఒత్తిడి పెరిగిన రోజున మొట్టమొదట మానేసే పరీక్ష ఇదే. మీరు కార్ఖానాకు వెళ్లినప్పుడు ఒక ముక్క ఇలా లాగి చూపించమని అడగండి. సంతోషంగా చూపించే చోట పని బాగుంటుందని నా అనుభవం.

కొలతలు తీసే పనికి మారాక నాకు నాన్న విలువ మళ్లీ తెలిసింది. మన ఇళ్ల గోడలు నిలువుగా ఉండవు. కింద పది అడుగులున్న గది పైన అర అంగుళం తక్కువో ఎక్కువో ఉంటుంది. కార్ఖానా మనిషి ఒకచోట టేపు పెట్టి అంకె రాసుకుంటాడు, తేడా వస్తే సందులో పట్టీ పెట్టి తెల్లటి సీలెంటు పూస్తారు. నాన్న పలకను గోడకు ఆనించి, చిన్న చెక్కముక్కకు పెన్సిలు ఆనించి, ఆ ముక్కను గోడ వెంబడి పై నుంచి కిందికి జార్చేవారు. గోడ వంపు ఎలా ఉందో గీత అలాగే పలక మీద పడేది. ఆ గీత వెంట కోస్తే పలక గోడకు కాగితం దూరనంతగా అతుక్కునేది. కార్ఖానా పలకకైనా ఇది చేయవచ్చు, పక్క పట్టీని అంగుళం ఎక్కువ పంపితే చాలు. నేను అలాగే పంపించేవాణ్ని. చెక్క వృథా అవుతోందని ప్రతి నెలా నన్ను అడిగేవారు.

ఇంకో సంగతి ఎత్తు. కార్ఖానాలో వంట గట్టు ఎత్తు సుమారు 34 అంగుళాలు అని ముందే అనుకుంటారు. మన వైపు జొన్నరొట్టెలు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. చపాతీలా కర్రతో ఒత్తేది కాదు, అరచేత్తో కొట్టాలి, భుజం బలం దిగాలి. ఐదడుగులు కూడా లేని మా అమ్మ ఆ ఎత్తులో రొట్టె కొడితే మోచేయి పైకి లేస్తుంది, పది రొట్టెలయ్యేసరికి మెడ పట్టేస్తుంది. నాన్న ఎవరింట్లో పనికి వెళ్లినా ఆ ఇంటి ఆడవాళ్లను పిలిచి, "రొట్టె కొట్టేటట్టు నిలబడమ్మా" అని అరచేయి ఎక్కడికి వస్తుందో గోడ మీద గీత పెట్టేవారు. కార్ఖానా డబ్బాల కింది కాళ్లు మర తిప్పి ఎత్తు మార్చుకునేవే, పలకలు కూడా అడిగిన ఎత్తుకు కోస్తారు. అడిగేవాళ్లే లేరు.

విచిత్రం ఏమిటంటే, ఈ కార్ఖానా వంటిళ్ల మూలాల్లో ఒకటి సరిగ్గా ఇలాంటి ప్రశ్న దగ్గరే ఉంది. 1926లో మార్గరెటే షూటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా మహిళ, వాస్తుశిల్పి, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటిల్లు గీసింది. అడుగడుగునా లెక్కించి, వండే మనిషి నడక, అలసట తగ్గేటట్టు అరలు అమర్చింది. అది సుమారు 10,000 ఇళ్లలో పెట్టారు. అక్కడ ఆదా చేయాలనుకున్నది వండే మనిషి శ్రమను. మా కార్ఖానాలో లెక్క వేసింది డబ్బాకు ఎన్ని నిమిషాలని. ఈ రెండూ ఒకటి కావు. మీరు ఎవరి దగ్గరకు వెళ్లినా వాళ్లు దేన్ని లెక్కిస్తున్నారో కనిపెట్టండి.

వడ్రంగి అయితే అన్నీ సవ్యంగా ఉంటాయని అనుకోకండి. ఇప్పుడు చాలామంది అడుగుకు ఇంత అని గుత్తకు ఒప్పుకుంటున్నారు. ఆ ధరకు గిట్టుబాటు కావాలంటే వాళ్లూ పరుగెత్తాలి. ఇంటి వరండాలోనే షీటు కోసి, జిగురు రాసి, నాలుగు మేకులు కొట్టి, బరువు పెట్టాల్సిన లామినేట్‌ను చేత్తో అదిమి వదిలేసిన పనులు ఎన్నో చూశాను. నా షెడ్డులో నేను కోతకు, అంచులకు యంత్రాలే వాడతాను. కొలత, గోడకు అమర్చడం మాత్రం ఎవరికీ వదలను. నెలకు రెండు వంటిళ్లకు మించి చేయలేకపోతున్నాను, దానికి నాకు బాధ లేదు.

మీ ఇంటికి సంబంధించి చెప్పాలంటే, కార్ఖానా డబ్బాలు తీసుకోండి. కానీ కొలతలు తీసే మనిషి ఎవరో ముందే అడిగి, అతను వచ్చినప్పుడు ఇంట్లో ఉండండి. గోడ దగ్గర మూడు ఎత్తుల్లో టేపు పెట్టకపోతే పెట్టించండి. గచ్చు, గోడల పూత, పంపుల పని పూర్తయి బాగా ఆరాకే కొలతలు ఇవ్వండి. సింకు కింది డబ్బాకు ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి. 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. అయితే ఆ పరీక్ష పొరల మధ్య జిగురుకు. చెక్క మాత్రం నీళ్లు తాగుతూనే ఉంటుంది. గొట్టాల కోసం బిగించే కుర్రాడు మీ ఇంట్లో డ్రిల్లుతో వేసే రంధ్రాలకు ఏ యంత్రమూ పట్టీ వేయదు. ఆ పచ్చి అంచుల దగ్గరే డబ్బా మొదట ఉబ్బుతుంది. అతను గొట్టం దూర్చకముందే ఆపి, రంధ్రం లోపలి అంచుకు వేలితో సీలెంటు రాయించండి. ఐదు నిమిషాల పని, దగ్గర నిలబడితేనే జరుగుతుంది.

వంటగది కొలతలు, మీ ఇంట్లో ఎక్కువగా వండేవారి ఎత్తు రాస్తే గట్టు ఎంత ఎత్తులో పెట్టుకోవాలో చెబుతాను.